మౌంట్ రెయినియర్‌లో నది ఒడ్డున గుడారపు బస

ప్రశ్న: అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఉన్న మౌంట్ రెయినియర్ జాతీయ ఉద్యానవనంలోని వైట్ రివర్ క్యాంప్‌గ్రౌండ్‌లో స్నానపు గదులు ఉండవు కదా, పిల్లలతో అక్కడ బస చేయడం క్షేమమేనా?

జవాబు: క్షేమమేనండి. అయితే ఆ చోటు సుమారు 4,400 అడుగుల ఎత్తున ఉన్నందున వేసవి రాత్రులలో కూడా చలి గట్టిగానే ఉంటుంది.

మరో జవాబు: నా దృష్టిలో అసలు జాగ్రత్త పక్కనే పారే వైట్ రివర్ నది విషయంలోనే అవసరం. ఎమ్మన్స్ హిమానీనదం కరగడం వల్ల వచ్చే ఆ నీరు ఎండ ముదిరేకొద్దీ పెరుగుతుంది కనుక, ఉదయం సులువుగా దాటిన పాయ సాయంత్రానికి దాటరానిది కావచ్చు. పిల్లలను ఒడ్డున ఒంటరిగా వదలవద్దు. సన్నని రాతిపొడి కలిసి పాలరంగులో ఉండే ఆ నీరు తాగునీటిని వడకట్టే ఫిల్టర్లను త్వరగా మూసివేస్తుంది.

ఇంకో జవాబు: ఎలుగుబంట్లు తిరిగే ప్రాంతం కాబట్టి ఆహారాన్నే కాక టూత్‌పేస్టు వంటి వాసన గల వస్తువులను కూడా గుడారంలో ఉంచకండి.