బాబిలాన్ 5: షాడోల కంటే మోర్డెన్‌ని చూస్తేనే ఎక్కువ భయం వేస్తుంది, ఎందుకు?

వేపపుల్ల

బాబిలాన్ 5 మళ్లీ మొదటినుంచీ చూస్తున్నాను. ఒక అంతరిక్ష స్టేషన్‌లో వేర్వేరు గ్రహజాతుల రాయబారుల కథ చెప్పే అమెరికన్ టీవీ సీరియల్ ఇది. పూర్తిగా చూడనివాళ్లు ఇక్కడే ఆగిపోండి, కింద కథ మొత్తం వచ్చేస్తుంది.

నిన్న రాత్రి మొదటి సీజన్ పదమూడో ఎపిసోడ్ అయింది. మిస్టర్ మోర్డెన్ మొదటిసారి స్టేషన్‌లో అడుగుపెట్టేది అందులోనే. 1994 నాటిది. గ్రాఫిక్స్ పాతబడ్డాయి, సెట్లు పాతబడ్డాయి, అతను మాత్రం పాతబడలేదు. నున్నగా దువ్విన జుట్టు, మంచి సూటు, చెరగని నవ్వు. ఒక్కో రాయబారి దగ్గరికి వెళ్లి "మీకేం కావాలి?" అని అడుగుతాడు, అంతే. తుపాకీ తీయడు, గొంతు పెంచడు, బెదిరించడు. అయినా అతను తెర మీదికి వస్తే నాకు ఒళ్లు జలదరిస్తుంది. అతను పని చేసేది షాడోలనే ప్రాచీన గ్రహాంతర జాతికి. నల్లటి సాలీళ్లలాంటి వాళ్ల నౌకలు గ్రహాల మీద పడుతున్నప్పుడు కూడా ఇంత భయం వేయలేదు.

నా ప్రశ్నలు రెండు. మొదటిది, ఈ భయం ఎక్కడినుంచి వస్తోంది? రెండోది, అతను నిజంగా దుర్మార్గుడేనా? ఇకారస్ నౌకలో షాడోల గ్రహం జహదూమ్ వెళ్లిన పరిశోధకుల్లో అతనొకడు. షాడోలకు పని చేయనన్నవాళ్లను చంపేశారని మిన్‌బారీ రాయబారి డెలెన్ చెబుతుంది. అంటే చావుకు భయపడి లొంగిపోయిన మామూలు మనిషి కూడా కావచ్చు కదా. జాలిపడాలా, అసహ్యించుకోవాలా తేల్చుకోలేకపోతున్నాను.

తెరచాటు

వేపపుల్ల గారూ, అదే ఎపిసోడ్‌లో మూడు సంభాషణలున్నాయి. వాటిని పక్కపక్కన పెట్టి చూడండి, మీ మొదటి ప్రశ్నకు జవాబు అక్కడే దొరుకుతుంది.

ముందు నార్న్ జాతి రాయబారి జీకార్. ఏం కావాలంటే తడుముకోడు. ఒకప్పుడు నార్న్‌లను బానిసల్ని చేసిన సెంటారీలు మమ్మల్ని చేసినట్టే వాళ్లనీ చేయాలి, నాశనమైపోవాలి అంటాడు. మాటల్లో మంట ఉంది. మోర్డెన్ విని, ఆ తర్వాత ఏమిటని అడుగుతాడు. జీకార్ దగ్గర జవాబు లేదు. నా గ్రహం క్షేమంగా ఉంటే చాలు, ఆపైన ఏమైతే నాకేమిటన్నట్టు మాట్లాడతాడు. మోర్డెన్ మర్యాదగా సెలవు తీసుకుంటాడు.

డెలెన్ దగ్గర సంభాషణ సాగనే సాగదు. ఆమె నుదుటి మీద త్రికోణం గుర్తు వెలుగుతుంది, ఎదుట ఉన్నదెవరో ఆమెకు అర్థమైపోతుంది, బయటికి పొమ్మంటుంది.

ఇక సెంటారీ రాయబారి లోండో. మొదట నన్ను నా మానాన వదిలెయ్యి అంటాడు. మోర్డెన్ వదలడు. చివరికి ఆయన కడుపులోదంతా కక్కేస్తాడు. మా సెంటారీలు మళ్లీ నక్షత్రాలను శాసించాలి, పోయిన వైభవం తిరిగి రావాలి, అన్నీ ఎప్పట్లా అయిపోవాలి అని. లోండో పాత్ర వేసిన పీటర్ జురాసిక్ ఆ మాటలు చెబుతుంటే గొంతు ఎలా మారుతుందో వినండి. వెటకారంగా మొదలుపెట్టినవాడు చివరికి వచ్చేసరికి నిజంగా ఆకలితో మాట్లాడతాడు.

మోర్డెన్ ఎంచుకున్నది ఈయన్నే. పగ కావాలన్న జీకార్‌ను ఎందుకు వదిలేశాడు? జీకార్ కోరికకు ఒక చివర ఉంది. సెంటారీలు పోతే అతను ఆగిపోతాడు. లోండో కోరికకు చివర లేదు. పాతరోజులు ఏ సామ్రాజ్యానికీ తిరిగి రావు, కాబట్టి ఎంత ఇచ్చినా ఇంకా కావాలంటాడు. షాడోలకు కావలసింది ఎప్పటికీ ఆరని యుద్ధం. అందుకు తగిన మనిషిని మోర్డెన్ ఒక్క ప్రశ్నతో పట్టేశాడు. నాకు భయం వేసేది ఇక్కడే. ఈ ఎపిసోడ్‌లో అతను అబద్ధం చెప్పి ఎవరినీ మోసం చేయలేదు. మనిషి నోటితోనే అతని లోపలి రోగాన్ని చెప్పించుకుని, దానికే మేత వేశాడు.

నేను ఇంతగా పట్టించుకోవడానికి ఒక కారణం ఉంది. మా నాన్నగారు తెనాలి చుట్టుపక్కల ఊళ్లలో పద్యనాటకాలు ఆడేవారు, ఎక్కువగా రాయబారం సీన్లలో కృష్ణుడి వేషం. నేను తెర పక్కన కూర్చుని ప్రాంప్టింగ్ చెప్పేవాణ్ణి. జనం వన్స్‌మోర్ అంటే పద్యం మళ్లీ మొదలు, హార్మోనియం ఆయన మళ్లీ శ్రుతి అందుకోవాలి. అన్నిసార్లు ఆ సీన్ విన్నాక రాయబారి అంటే ఎలా ఉండాలో నా తలలో ఒక లెక్క పడిపోయింది. కృష్ణుడు సభలోకి వచ్చినప్పుడు ఎవరి తరఫున వచ్చాడో అందరికీ తెలుసు. ఏం అడుగుతున్నాడో తెలుసు, కనీసం ఐదూళ్లు. ఇవ్వకపోతే ఏమవుతుందో కూడా దుర్యోధనుడి మొహం మీదే చెబుతాడు. వినకపోవడం విననివాడి తప్పు.

మోర్డెన్ ఈ మూడింటినీ తలకిందులు చేస్తాడు. ఎవరి తరఫున వచ్చాడో చెప్పడు, "నా సహచరులు" అంటాడు. తనకేం కావాలో చెప్పడు, నీకేం కావాలంటాడు. పర్యవసానం అసలు చెప్పడు. వడ్డీ ఎంతో చెప్పకుండా చేతిలో డబ్బు పెట్టి వెళ్లిపోయే మనిషన్నమాట. మిమ్మల్ని మళ్లీ ఎలా కలవాలని లోండో అడిగితే, మేమే మిమ్మల్ని కలుస్తామంటాడు.

ఎడ్ వాసర్ నటన గురించి కూడా చెప్పాలి. ఆయన పైలట్ సినిమాలో కంట్రోల్ రూములో ఒక చిన్న ఆఫీసర్ పాత్ర వేశాడు, చూసినా గుర్తుండదు. మోర్డెన్‌గా వచ్చేసరికి ఒక్క అనవసరమైన కదలిక ఉండదు. స్టేజి మీద దుష్టపాత్ర వేసేవాళ్లకు పెద్ద కష్టం ఏమిటంటే, దుష్టుణ్ణని జనానికి తెలియజేయాలనే ఆత్రం. కనుబొమలు ఎగరేస్తారు, పళ్లు కొరుకుతారు. ఈయన అవేమీ చేయడు. ఎదుటి మనిషి మాటను శ్రద్ధగా వింటాడు. అంత శ్రద్ధగా మన మాట వినేవాడు మనకు మేలు చేసేవాడే అనిపిస్తుంది కదా. లోండోకీ అలాగే అనిపించింది.

రాత్రి డ్యూటీ

తెరచాటు అన్నా, బాగా రాశావు. కానీ నువ్వు లోండోని మరీ తేలిగ్గా వదిలేస్తున్నావు.

మొదటి సీజన్ చివరి ఎపిసోడ్ తీసుకో. క్వాడ్రంట్ 37లో నార్న్ స్థావరం పోయింది, పదివేలమంది చచ్చారు. లోండోకి అంత జరుగుతుందని ముందు తెలియదు, ఒప్పుకుంటా. పదివేలమందిని చంపారు కదయ్యా అని అడిగితే, పదివేలైతే ఏమిటి, పది లక్షలైతే ఏమిటి, నార్న్‌లే కదా అంటాడు మోర్డెన్. ఆ క్షణం నుంచీ తెలియదన్న సాకు చెల్లదు.

మరి రెండో సీజన్‌లో ఏం చేశాడు? 1996లో హ్యూగో అవార్డు వచ్చిన ఎపిసోడ్ అది. సెంటారీ చక్రవర్తి నార్న్‌లకు క్షమాపణ చెప్పాలని చావుకు సిద్ధపడి మరీ అంత దూరం వచ్చాడు. అదే సమయంలో క్వాడ్రంట్ 14 మీద దాడి చేయించమని లోండోనే కబురు పెట్టాడు. మోర్డెన్ వచ్చి అడగలేదు. మోర్డెన్‌ను పిలుచుకురమ్మని తన సహాయకుడు వీర్‌ని పంపాడు, వీర్ వద్దని బతిమాలాడు. ఇంకో పక్క జీకార్, చక్రవర్తి క్షమాపణ సంగతి తెలిసి, పొంగిపోయి లోండోకి మందు ఇప్పిస్తున్నాడు. దాడికి ఆజ్ఞ అప్పటికే వెళ్లిపోయింది. ఆ సీన్‌లో లోండో మొహం చూడలేక నేను ఆపేసి బయటికి వెళ్లొచ్చాను.

కాబట్టి నా మాట ఒకటే. తలుపు తట్టింది మోర్డెన్, తీసింది లోండో. మోర్డెన్ లేకపోతే ఇంకొకడు వచ్చేవాడు.

ఒహాయో పిన్ని

అందరూ షాడోల వైపే చూస్తున్నారు. షాడోల శత్రువులైన వోర్లాన్లు పంపిన రాయబారిని మరిచిపోయారా? రెండో సీజన్ చివర్లో డెలెన్‌ను పరీక్షించడానికి సెబాస్టియన్ అని ఒకడు వస్తాడు. టోపీ, చేతికర్ర, 1888 లండన్ నుంచి వోర్లాన్లు ఎత్తుకెళ్లిన మనిషి. ఆమె చేతులకు కడియాలు తగిలించి, "నువ్వెవరు?" అని అడుగుతూనే ఉంటాడు, జవాబు నచ్చనప్పుడల్లా బాధ పెడతాడు. ఆఖరికి తెలుస్తుంది, వాడు జాక్ ది రిప్పర్ అని.

వెలుగు దేవతల్లా కనిపించే వోర్లాన్లు ఒక హంతకుణ్ణి పంపారు, చీకటివాళ్లేమో మర్యాదగా మాట్లాడే పరిశోధకుణ్ణి పంపారు. ఎవరు మంచివాళ్లో ఎవరు చెడ్డవాళ్లో మనం అప్పుడే అనుమానించి ఉండాల్సింది. నాలుగో సీజన్‌లో వోర్లాన్లు గ్రహాలనే పేల్చేయడం మొదలుపెట్టాక అందరం నోళ్లు తెరిచాం. ఆ సూచన ఎంతో ముందే ఇచ్చేశారు.

జాలి సంగతికొస్తే, సెబాస్టియన్‌లో కనీసం పశ్చాత్తాపం ఉంది. మోర్డెన్‌లో నాకు అది ఎక్కడా కనబడలేదమ్మా.

వేపపుల్ల

పిన్నీ, సెబాస్టియన్ నాకు తట్టనే లేదు, మంచి మాట చెప్పారు. తెరచాటు గారూ, రాయబారం పోలిక చదివాక ఎపిసోడ్ మళ్లీ పెట్టుకుని చూశాను. "నా సహచరులు" అన్న ప్రతిసారీ ఇప్పుడు గట్టిగా తగులుతోంది.

కానీ రెండో ప్రశ్న అలాగే ఉంది. స్టేషన్ అధిపతి షెరిడన్ మోర్డెన్‌ని నిర్బంధించిన ఎపిసోడ్ గుర్తుందా? కెమెరా స్పెక్ట్రమ్ మార్చి చూస్తే ఖాళీ గదిలో అతని పక్కన షాడోలు నిలబడి ఉంటాయి. అతను ఎక్కడికి వెళ్లినా అవి పక్కనే. అలాంటి మనిషికి స్వేచ్ఛ ఉన్నట్టా? కాపలా కింద బతుకుతున్న ఖైదీలా కూడా అనిపించింది నాకు.

తెరచాటు

మీ అనుమానం న్యాయమైనదే, రాత్రి డ్యూటీ తమ్ముడు చెప్పిందీ న్యాయమే. లోండో పాపం లోండోదే. దాన్ని తగ్గించాలని నేను అనలేదు. అయితే "ఇంకొకడు వచ్చేవాడు" అన్న మాటతో ఒప్పుకోలేను. దానికి మూడో సీజన్ చూపిస్తాను.

ఆ సీజన్ మొదట్లోనే లోండో ఇక మీ సాయం అక్కర్లేదని చెప్పేశాడు. మనిషి కొంచెం మారుతున్నాడు కూడా. ఆయన ప్రేమించిన అడీరా తిరిగి వస్తోందని తెలిసి, కుర్రాడిలా గది సర్దుకుంటున్నాడు. మోర్డెన్ ఆమెకు విషం పెట్టించాడు. స్టేషన్‌కి ఆమె శవం వచ్చింది. ఇది లోండో ప్రత్యర్థి రీఫా ప్రభువు చేయించిన పనే అని లోండో నమ్మేలా చేశాడు, లోండో పగతో మళ్లీ మోర్డెన్ దగ్గరికే వచ్చాడు. ఇది తలుపు తట్టడం కాదు తమ్ముడూ. తలుపు వేసుకున్నవాడి ఇంటికి నిప్పు పెట్టి బయటికి రప్పించడం.

వేపపుల్ల గారూ, మీ రెండో ప్రశ్నకు నా జవాబూ ఇదే. జహదూమ్‌లో అతను ప్రాణభయంతో లొంగి ఉండవచ్చు. ఆ రోజుకు నేను తీర్పు చెప్పను. ఖైదీ అయితే మాత్రం ఎక్కడో ఒకచోట చేయి వణకాలి, ఒక మాట తడబడాలి. షెరిడన్ సెల్‌లో కూర్చోబెట్టి తన భార్య ఆనా ఏమైందని అడుగుతాడు. ఆమె కూడా ఇకారస్‌లో వెళ్లిన మనిషే. అన్నిగంటలు అడిగినా మోర్డెన్ చల్లగా కూర్చున్నాడే తప్ప, సాటిమనిషి బాధ ముందు ఒక్కసారి కూడా తల దించుకోలేదు. అతన్ని వదలకూడదని షెరిడన్ చట్టాన్నే పక్కన పెట్టాడు, భద్రతాధికారి గరిబాల్డి రాజీనామా చేశాడు, ఇంత జరిగింది. నాకు అతని మీద ఉన్న జాలి అక్కడ అయిపోయింది.

ఇంకొకటి. ఆ ప్రశ్నను అతను వీర్‌ని కూడా అడుగుతాడు. ఆ ఎపిసోడ్‌లోనే. వీర్ అంటే అందరికీ లోకువ, మాట తడబడే మనిషి. అతను మాత్రం తడుముకోకుండా చెబుతాడు. నీ తల నరికి బల్లెం మీద గుచ్చితే చూసేదాకా బతకాలి, కొన్ని మేళ్లకు వెల మరీ ఎక్కువని రాబోయే పది తరాలకు అది హెచ్చరిక కావాలి, నేను నీ కళ్లలోకి చూసి ఇలా చేయి ఊపాలి అని, వేళ్లు ఆడించి చూపిస్తాడు. స్టీఫెన్ ఫర్స్ట్ ఆ మాటలు చెప్పిన తీరు చూడండి, కోపం కంటే దుఃఖమే ఎక్కువ వినిపిస్తుంది. తన యజమాని కళ్లముందే పాడైపోతుంటే చూస్తున్నవాడి మాట అది.

నాలుగో సీజన్‌లో అడీరాను చంపించిందెవరో లోండోకి తెలిసింది. షాడో నౌకలు దాచిన సెలీనీ ద్వీపాన్ని పేల్చేశాడు, మోర్డెన్ తల నరికించాడు. వీర్ వెళ్లి చేయి ఊపాడు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పినవాళ్లలో కోరింది కోరినట్టు, ఒక్క షరతు లేకుండా దక్కింది వీర్‌కే. అది ఇచ్చింది షాడోలు కాదు.

రాత్రి డ్యూటీ

అడీరా సంగతి దగ్గర ఓడిపోయాను అన్నా, తీసుకో. కానీ ఒక్కటి వదలను. మోర్డెన్ తల తెగినంత మాత్రాన లెక్క తీరలేదు. ఐదో సీజన్‌లో ఆ వెల కట్టింది సెంటారీ గ్రహం మొత్తం. షాడోల సేవకులైన డ్రాఖ్‌లు వచ్చి లోండో మెడ మీద కీపర్‌ని, అంటే మనిషిని అదుపులో పెట్టే పరాన్నజీవిని పెట్టి, సింహాసనం మీద బొమ్మలా కూర్చోబెట్టారు. మోర్డెన్‌ను ఎన్నడూ చూడని పిల్లలు ఆ గ్రహం మీద పడిన బాంబుల కింద చచ్చారు. అందుకే లోండో చక్రవర్తి అయిన సీన్ చూసినప్పుడు నాకు జాలి, కోపం రెండూ కలిసే వస్తాయి.

వేపపుల్ల

అందరికీ ధన్యవాదాలు. అసహ్యం వైపే తేల్చుకున్నాను, అడీరా ఎపిసోడ్ గుర్తు చేసినందుకు తెరచాటు గారికి ప్రత్యేకంగా. ఈ వారం మూడో సీజన్ చివరిదాకా వెళ్తాను. అక్కడ జహదూమ్‌లో జస్టిన్ అనే ముసలాయన షెరిడన్‌కి టీ ఇస్తూ షాడోల సిద్ధాంతం వివరిస్తాడు కదా, మోర్డెన్ కూడా ఆ గదిలోనే ఉంటాడు. ఇద్దరిలో ఆ సిద్ధాంతాన్ని నిజంగా నమ్మింది ఎవరు అన్నది చూశాక వేరే ప్రశ్నగా పెడతాను.