అమెరికా గ్రీన్‌కార్డు క్యూ న్యాయమేనా? వైజాగ్ వాళ్ళు చెప్పండి

ఉక్కునగరం_తాతయ్య:
పొద్దున్న బీచ్‌రోడ్డులో వాకింగ్ దగ్గర ఒకాయన "అమెరికాలా ఆదరించే దేశం ఇంకోటి లేదండీ, మన పిల్లలు బాగుపడింది అక్కడే కదా" అన్నాడు, నేను ఒప్పుకోలేదు, మాటామాటా పెరిగింది, అందుకే ఇక్కడ పెడుతున్నా. మా మనవరాలు వైజాగ్‌లోనే పుట్టింది, రెండేళ్ళ పిల్లప్పుడు వెళ్ళింది, ఇప్పుడు 20. దాని తమ్ముడు అక్కడ పుట్టాడు కాబట్టి వాడు సిటిజన్. ఒకే ఇంట్లో పెరిగారు ఇద్దరూ, కానీ దీనికి 21 నిండితే వాళ్ళ నాన్న హెచ్1బీ (ఉద్యోగ వీసా) మీద ఉండే హక్కు పోతుంది, స్టూడెంట్ వీసాకైనా మారాలి, లేదా దేశం వదలాలి. మొన్న ఫోన్‌లో "తాతయ్యా, నాకు తెలుగు బోర్డు చదవడమే రాదు, అక్కడికొచ్చి నేనేం చెయ్యను" అంది. నాకు నోట మాట రాలేదు.

లెక్క చూడండి. ఉద్యోగం మీద ఇచ్చే గ్రీన్‌కార్డులు, అంటే అక్కడ శాశ్వతంగా ఉండే అనుమతులు, ఏడాదికి దాదాపు 1,40,000, 1990 చట్టంలో పెట్టిన అంకె అది. ఏ దేశానికైనా 7 శాతమే, అంటే సుమారు 9,800, భార్యాపిల్లలు కూడా అందులోనే. 140 కోట్ల మనకీ అంతే, వైజాగ్ అంత జనం కూడా లేని ఐస్‌లాండ్‌కీ అంతే. పౌరసత్వం మార్చుకున్నా లాభం లేదు, పుట్టిన దేశమే చూస్తారు. పుట్టుక చూసి వెనక్కి నెట్టడం న్యాయం ఎలా అవుతుంది?

ఎంవీపీ_కుర్రాడు:
అంకుల్, పాప విషయం వింటే బాధేసింది, కానీ మొత్తం సిస్టమే అన్యాయం అంటే ఒప్పుకోను. హెచ్1బీ అప్రూవల్స్‌లో 70 శాతం పైన మనవాళ్ళవే, అంత తలుపు తీసింది వాళ్ళే కదా. ఆ 7 శాతం సీలింగ్ ఎత్తేస్తే కొన్నేళ్ళపాటు కార్డులన్నీ మనకే వచ్చేస్తాయి, ఇంకో దేశం నుంచి వచ్చిన నర్సు ఏం పాపం చేసిందని ఆగాలి? పైగా హెచ్1బీ ఇచ్చే లాటరీని పాడుచేసింది మనవాళ్ళు కూడా, ఒకే మనిషికి నాలుగైదు కంపెనీల పేరుతో రిజిస్ట్రేషన్లు వేయించారు, నేను ఒక్కదానితోనే మూడుసార్లు ట్రై చేసి తగలక వెనక్కొచ్చేశా. 2024లో ఎన్ని వేసినా మనిషికి ఒకటే ఛాన్స్ అని మార్చారు. నాకైతే అది న్యాయమే అనిపించింది, నాకు పనికిరాకపోయినా సరే.

పలాస_వెల్డర్:
నాను గల్ఫ్‌లో పదకొండేళ్ళు సేసినాను బాబు. పాస్‌పోర్టు కఫీల్ (పనిలో పెట్టుకున్న యజమాని) దగ్గరే ఉండీది, అమ్మ పోయినప్పుడు అడిగితే నాలుగో రోజుకి ఇచ్చినాడు. అదేదో మంచిదని సెప్పను. కానీ ఫ్లైట్ ఎక్కిన నాడే తెలుసు, కాంట్రాక్టు అయితే ఇంటికే అని, అందుకే పెళ్ళాం పిల్లల్ని పలాసలోనే ఉంచినాను. అమెరికావోడు పిల్లల్తో రమ్మంటాడు, ఇల్లు కొనుక్కోనిస్తాడు, పన్ను కట్టించుకుంటాడు, ఉండమనీ సెప్పడు, పొమ్మనీ సెప్పడు, ఆ పాప పెద్దదైపోయింది.

ఎంవీపీ_కుర్రాడు:
పిల్లల విషయంలో మీ ఇద్దరితో ఏకీభవిస్తా. సీలింగ్ మీద మాత్రం నా మాట అదే.

ఉక్కునగరం_తాతయ్య:
పలాస బాబూ, నేను ఇంత రాసి చెప్పలేనిది నువ్వు చెప్పావు. ఎంవీపీ బాబూ, ఆ నర్సు సంగతి నిజమే, సీలింగ్ రాత్రికి రాత్రి తీసెయ్యమని నేనూ అనను. కానీ 2019లో అది తీసే బిల్లు వాళ్ళ ప్రతినిధుల సభలోనే 365–65తో పాసయింది, మరుసటి ఏడాది సెనేట్ ఇంకో రూపంలో పాస్ చేసింది, రెండూ ఒక్కటి కాక మురిగిపోయింది. తప్పుందని వాళ్ళకీ తెలుసన్నమాట. నేనడిగేది ఒక్కటే, తండ్రి గ్రీన్‌కార్డుకి అప్లై చేసిన రోజున బిడ్డకి ఎంత వయసో అదే లెక్కపెట్టండి, క్యూలో ఆలస్యం ఆ పిల్ల చేసింది కాదు కదా.

మా అల్లుడిది ఈబీ2 (పెద్ద చదువుల వాళ్ళ క్యూ), అప్లై చేసిన తేదీ 2015 నవంబర్. ప్రతి నెలా వీసా బులెటిన్, అంటే ఏ తేదీ దాకా అప్లై చేసినవాళ్ళ వంతు వచ్చిందో చెప్పే అమెరికా ప్రకటన, రాగానే ఇండియా తేదీ క్యాలెండర్ కాగితం వెనక రాసుకుంటా. 2025లో ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా ఆరు కాగితాల మీదా ఒకటే తేదీ రాశాను, 2013 జనవరి 1.