దారానికి కట్టిన నట్టు "కాదు" అంటోంది, నమ్మొచ్చా?

సాగర్‌గాలి (ఎంవీపీ కాలనీ):
మొన్న వానకి కరెంట్ పోయి ఏం తోచక, బండి నట్టు ఒకటి ఊడి చేతికొస్తే దానికి మిషన్ దారం జానెడు కట్టి వేలాడదీశా, కింద అట్టముక్క మీద ప్లస్ గీసి నిలువుగా ఊగితే అవును అడ్డంగా ఊగితే కాదు అనుకున్నా. నా పేరు, ఊరు అన్నీ కరెక్ట్‌గా చెప్పింది, చెయ్యి కదపలేదు ఒట్టు. ఆనందపురం దగ్గర చూసిన సైట్ కొనాలా అంటే మూడుసార్లూ కాదు అంది. ఇది సబ్‌కాన్షస్ మైండా, ఇంకేదైనా శక్తా? ఇంట్లో చేసుకునేవి ఇలాంటివి ఇంకేమైనా ఉన్నాయా?

లెక్కలమాస్టారు:
శక్తీ లేదు ఏటీ లేదు గురూ, ఊపేది నీ వేళ్ళే. నువ్వు అబద్ధమాడుతున్నావని కాదు, నీకే తెలీదు అంతే. జానెడు దారం ఇంచుమించు సెకనుకో ఊపు ఊగుద్ది, ఉయ్యాలని సమయానికి తోసినట్టు ప్రతి ఊపుకీ వేలు వెంట్రుకవాసి కదిలినా చాలు పెద్దదైపోద్ది. ఫ్రాన్స్‌లో షెవ్రెల్ అనే కెమిస్ట్ 1833లోనే దీని గురించి రాశాడు, కళ్ళకి గంతలు కట్టుకుంటే ఆ మహిమ కాస్తా పోయిందట. నువ్వూ చూడు: మూడు స్టీలు గ్లాసులు బోర్లించి ఒకదాని కింద రూపాయి పెట్టించు, పెట్టినవాళ్ళు గదిలో ఉండకూడదు, ఇది ముఖ్యం. 30 సార్లు చెయ్. గుడ్డిగా చెప్పినా పది వస్తాయి.

పెందుర్తిబుల్లోడు:
మా మావయ్య బోరుకి ఒకాయన అరచేతిలో కొబ్బరికాయ పడుకోబెట్టుకుని చేనంతా తిరిగాడు, ఒకచోట కాయ నిటారుగా లేచింది, 300 అడుగులు దింపితే దుమ్మే. మోసం అనను, కాయ లేచేటప్పుడు ఆయన మణికట్టు నరం టకటకా కొట్టుకోవడం పక్కనే ఉండి చూశా. పాపం ఆయన నమ్మే చేశాడు. రెండో పాయింట్‌కి మళ్ళీ ఫీజు తీసుకున్నాడనుకో.

రాత్రిడ్యూటీ:
లోలకం కంటే గాంజ్‌ఫెల్డ్ ట్రై చెయ్ బ్రో. టేబుల్ టెన్నిస్ బంతి సగానికి కోసి అంచులకి దూది అంటించి కళ్ళ మీద పెట్టుకో, మొహం మీదకి ఎర్ర బల్బు, ఇయర్‌ఫోన్స్‌లో ఉత్త హోరు. కాసేపటికి చూడ్డానికీ వినడానికీ ఏమీ లేక బుర్రే బొమ్మలేస్తుంది, నాకైతే డాల్ఫిన్స్ నోస్ లైట్‌హౌస్ గిర్రున తిరుగుతూ కనబడింది. టకటకా వెలిగి ఆరే లైట్ల మిషన్లు మాత్రం వద్దు, మూర్ఛ ఉన్నోళ్ళకి డేంజర్, ఉందని తెలీనోళ్ళకీ రావచ్చు.

సాగర్‌గాలి:
చేశా మాస్టారూ. 30కి 11. తమాషా ఏంటంటే మా ఆవిడ ఎదురుగా కూర్చుంటే పదికి ఏడు వచ్చాయి, నట్టు రూపాయి ఉన్న గ్లాసు మీదకి రాగానే ఆవిడ ఊపిరి బిగబడుతోంది, అది నేను వీడియోలో చూసేదాకా గమనించనేలేదు. సైట్ సంగతంటారా, లింక్ డాక్యుమెంట్లు అడిగితే బ్రోకర్ రెండుసార్లు మాట మార్చాడు, అప్పుడే మనసులో కాదు పడిపోయినట్టుంది. నట్టు తీసి బండికి బిగించేశా, నాలుగు రోజుల్నుంచి సైడ్‌స్టాండ్ ఒకటే లొడలొడ.