పరిశోధన పేపర్ చివర ‘ఫలానా కంపెనీ నుంచి డబ్బు తీసుకున్నాను’ అని రాసేస్తే సరిపోతుందా?

ఫార్మా_పిల్ల: ఫార్మకాలజీ చదువుతున్నాను. ఒక మందు ట్రయల్ పేపర్ చివర రచయితల ఆర్థిక సంబంధాల జాబితా చూశాను. కన్సల్టింగ్ ఫీజులు, ఉపన్యాసాల డబ్బు, షేర్లు, ఒకరికైతే పేటెంటు కూడా. అంతా చదివాక ఏం చెయ్యాలో తోచలేదు. ఫలితాన్ని నమ్మాలా, సగం నమ్మాలా, పక్కన పడెయ్యాలా?

గుండెలయ: జాబితా పక్కన పెట్టి పేపర్ చదవండమ్మా. ట్రయల్ ఎలా చేశారో అందులోనే ఉంటుంది. కొత్త మందు రోగి దాకా రావాలంటే కంపెనీ డబ్బు లేకుండా కుదరదు. దాపరికం లేకుండా అన్నీ రాసుకున్నారు, ఇంకేం కావాలి? చెప్పినవాణ్ణే దొంగలా చూస్తే రేపు ఎవరూ చెప్పరు. 2012లో ఒక పరీక్ష చేశారు. 269 మంది ఫిజీషియన్లకు ఊహాజనిత ట్రయళ్ల సారాంశాలు చదవమని ఇచ్చారు. కంపెనీ డబ్బు అని కనబడగానే వాళ్ల నమ్మకం తగ్గింది. పకడ్బందీగా చేసిన ట్రయల్‌కీ తగ్గింది, నాసిరకం దానికీ తగ్గింది. ఇదేం న్యాయం?

గోడమీది_పిల్లి: ఉప్పు తిన్న విశ్వాసం అని ఒకటి ఉంటుంది కదా డాక్టర్ గారూ.

పీ_వాల్యూ: ‘పేపర్ చదవండి చాలు’ అన్నదానితో నాకు పేచీ ఉంది. 1998లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ అనే వైద్య పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. కాల్షియం చానల్ బ్లాకర్లు అనే రక్తపోటు మందులు సురక్షితమా కాదా అని అప్పట్లో పెద్ద గొడవ నడుస్తోంది. ఆ మందుల్ని సమర్థిస్తూ రాసినవాళ్లలో 96 శాతం మందికి వాటి తయారీ కంపెనీలతో ఆర్థిక సంబంధం ఉంది. తటస్థంగా రాసినవాళ్లలో 60 శాతం, విమర్శించినవాళ్లలో 37 శాతం. డబ్బు వల్ల అభిప్రాయం మారిందా, అభిప్రాయం చూసి కంపెనీ డబ్బిచ్చిందా అన్నది దీన్నిబట్టి తేలదు, ఒప్పుకుంటాను.

కానీ 2017 కాక్రేన్ సమీక్ష చూడండి, అంటే ఎన్నో అధ్యయనాల్ని కలిపి బేరీజు వేసేది. కంపెనీ డబ్బుతో చేసిన అధ్యయనాల్లో ఆ కంపెనీకి అనుకూలమైన ఫలితాలు, ముగింపులు ఎక్కువ. ఆ తేడాకు కారణం మామూలుగా మనం వెతికే లోపాల్లో దొరకలేదు. అంటే పేపర్ ఎంత శ్రద్ధగా చదివినా అది పట్టుబడకపోవచ్చు. కొత్త మందును దేనితో పోల్చాలి, పోల్చే మందు డోసు ఎంత, దేన్ని ఫలితంగా లెక్కించాలి, ఏ ట్రయల్‌ను అసలు ప్రచురించకుండా వదిలెయ్యాలి అన్నవి ముందే తేలిపోతాయి. కాబట్టి ముందస్తు రిజిస్ట్రేషన్ (ట్రయల్ ఎలా చేస్తారో మొదలెట్టకముందే నమోదు చెయ్యడం), ముడి డేటా బయటపెట్టడం, ఈ రెండే మందు. మిగతాదంతా అలంకారం.

గుండెలయ: మంచిది, డేటా అడగండి, ఇస్తాం. నా బాధ వేరు. కంపెనీ డబ్బు సంగతి పరిశోధకులు తమ సంస్థకు చెప్పాలన్న అమెరికా నిబంధన 1995లో వచ్చినప్పుడు పరిమితి 10,000 డాలర్లు. 2011 సవరణలో 5,000 చేశారు. ఏమిటా 5,000లో మహత్యం? 4,900 తీసుకున్నవాడు రుషి, 5,100 తీసుకున్నవాడు ద్రోహి? దీనికి ఎవరైనా జవాబు చెప్పండి.

పాత_ఫైలు: నేను చెబుతాను. ఒక సంస్థలో ఈ కాగితాలు చూసే కమిటీకి కార్యదర్శిగా పనిచేశాను. ఆ అంకె నేరానికి గీసిన గీత కాదు. ప్రభుత్వ నిధులతో పరిశోధన చేసేవారు తమ సంస్థకు చెప్పి తీరాల్సిన పరిమితి అది. చెప్పాక, ఆ డబ్బుకూ ఈ పరిశోధనకూ సంబంధం ఉందా అని సంస్థ చూస్తుంది. ఉంటే ఏదో ఒక ఏర్పాటు చేస్తుంది. షేర్లు అమ్మమనవచ్చు, డేటా విశ్లేషణ వేరేవాళ్లకు అప్పగించవచ్చు, బయటి పర్యవేక్షకుణ్ణి పెట్టవచ్చు, మరీ అయితే ఆ ట్రయల్ నుంచి తప్పించవచ్చు. ఇంకో సంగతి. స్టాక్ మార్కెట్‌లో లేని కంపెనీ అయితే 5,000 లెక్కే లేదు, ఒక్క షేరున్నా చెప్పాలి.

చిన్న మొత్తాలతో ఏమవుతుందిలే అనుకోవడానికీ లేదు. కంపెనీ పెట్టించిన భోజనాల మీద 2016లో ఒక అధ్యయనం వచ్చింది. సగటున 20 డాలర్లు కూడా చెయ్యని ఒక్క భోజనం తిన్న డాక్టర్లు కూడా ఆ కంపెనీ బ్రాండ్‌ను మిగతావాళ్లకంటే ఎక్కువగా రాశారు. భోజనమే కారణమని అది రుజువు చెయ్యలేదు. అయినా ఆలోచించాల్సిన విషయమే.

గుండెలయ: చూశారా, భోజనం దాకా వచ్చేశారు. కమిటీల సంగతి నాకు చెప్పకండి. నేనే ఆలోచించి రూపొందించిన ట్రయల్‌లో నన్ను పేషంట్లతో మాట్లాడొద్దన్నారు. ఎందుకంటే ట్రయల్‌కు డబ్బు పెట్టిన కంపెనీ (స్పాన్సర్) దగ్గర కొన్ని ఉపన్యాసాలకు ఫీజు తీసుకున్నానట. నేనే ఫారం నింపి, నేనే చెప్పాను. దాచిపెట్టిన ఇంకో పెద్దమనిషి హాయిగా ట్రయల్ నడుపుకున్నాడు. నిజాయితీకి దక్కింది ఇదీ.

గోడమీది_పిల్లి: మరి ఆ పెద్దమనిషి మీద ఫిర్యాదు చేశారా?

గుండెలయ: అది ఇక్కడ అప్రస్తుతం.

చివరి_పేజీ: నేను డాక్టర్ని కాదు. మా నాన్న ఒక ట్రయల్‌లో చేరారు. ఏళ్ల తరబడి ఆయనకు వైద్యం చేసిన డాక్టరే చేర్చారు. మధ్యలో వాంతులు, నీరసం. మానేస్తానంటే డాక్టర్ గారు దగ్గర కూర్చోబెట్టుకుని నచ్చజెప్పారు, నాన్న కొనసాగారు. తర్వాత పేపర్ వచ్చింది. ఆ డాక్టర్‌కు ఆ కంపెనీలో షేర్లున్నాయని చివరి పేజీలో ఉంది. నాన్నకు ఏమీ కాలేదు, బాగానే ఉన్నారు. ఆ సంగతి పేపర్ చదివేవాళ్లకు చెప్పారు, మందు మింగినాయనకు చెప్పలేదు. ఇంతే నేను అడిగేది.

పీ_వాల్యూ: మీ అనుభవానికి సానుభూతి ఉంది, కానీ ఒక్క ఉదాహరణతో విధానం తయారు కాదు. వయాక్స్ అనే నొప్పుల మందు సంగతి తీసుకోండి. దాని మీద 2000లో వచ్చిన విగర్ అనే ట్రయల్, తయారీ కంపెనీ మెర్క్ డబ్బుతో జరిగిందని పేపర్‌లోనే ఉంది. వయాక్స్ వాడినవాళ్లలో వచ్చిన మూడు గుండెపోటు కేసులు మాత్రం అందులో లేవు. 2004లో మందు మార్కెట్ నుంచి పోయింది. 2005 డిసెంబరులో గానీ ఆ పేపర్ వేసిన న్యూ ఇంగ్లండ్ జర్నల్ దాని మీద ఆందోళన వ్యక్తం చెయ్యలేదు. ముడి డేటా మొదటే బయట ఉంటే...

గుండెలయ: చివరి_పేజీ గారూ, సూటిగా అడుగుతున్నాను. ఆ డాక్టర్ మీ నాన్నగారిని షేర్ల కోసం అమ్ముకున్నాడంటారా?

చివరి_పేజీ: నేను ఆ మాట అనలేదు. మీ నోటి నుంచే వచ్చింది.

గుండెలయ: అనడం ఒకటే తక్కువ! ట్రయల్‌లో చేరిన మనిషి మధ్యలో మానేస్తే నష్టం ఏమిటో తెలుసా మీకు? దుష్ఫలితాలు ఎప్పుడు సర్దుకుంటాయో, ఎప్పుడు ప్రమాదమో ఆ డాక్టర్‌కు తెలుసు, మీకు తెలియదు. రాత్రింబవళ్లు ఫోన్ ఎత్తేది మేము. ఆ కృతజ్ఞత ఎక్కడా కనబడదు. జేబులు మాత్రం వెతుకుతారు.

గోడమీది_పిల్లి: జేబు మీరే చూపించానన్నారుగా.

మోడరేటర్: ఇద్దరూ కాస్త తగ్గండి. వ్యక్తిగత మాటలు వద్దు. పిల్లి గారూ, మీరు కూడా.

పాత_ఫైలు: అసలు విషయం ఇప్పుడు బయటపడింది. జెస్సీ గెల్సింగర్ కేసు గుర్తు చేస్తాను. 1999లో అమెరికాలో పెన్సిల్వేనియా యూనివర్సిటీ జీన్ థెరపీ (జన్యు చికిత్స) ట్రయల్‌లో 18 ఏళ్ల కుర్రాడు చనిపోయాడు. అతనికున్న కాలేయపు జన్యులోపం ఆహారంతో, మందులతో అదుపులోనే ఉంది. ఆ పరిశోధనకు పెద్దదిక్కైన శాస్త్రవేత్త స్థాపించిన జెనోవో అనే కంపెనీలో ఆయనకూ వాటా ఉంది, యూనివర్సిటీకీ వాటా ఉంది. చాలామందికి తెలియనిది ఏమిటంటే, ఆ శాస్త్రవేత్తకూ, యూనివర్సిటీకీ, కంపెనీకీ ఆర్థిక ప్రయోజనం ఉందని సమ్మతి పత్రంలో ఒక వాక్యం రాసే ఉంది. కోతుల మీద చేసిన పరీక్షల్లో చావులు సంభవించాయన్నది మాత్రం అతను సంతకం పెట్టిన పత్రంలో లేదు.

కాబట్టి గుండెలయ గారూ, రాసేస్తే చాలదు. చివరి_పేజీ గారూ, పేషంటుకు చెప్పడం కూడా ఒక వాక్యంతో అయిపోయేది కాదు.

గుండెలయ: సరే, మొహమాటం లేకుండా చెబుతాను. మందు గురించి, ప్రమాదం గురించి ఎంతసేపైనా వివరిస్తాను. నాకు డబ్బు ముట్టిందని మంచం పక్కన నిలబడి చెబితే పేషంటు వెళ్లిపోతాడు. ట్రయల్ నిండదు. నిండని ట్రయల్ వల్ల ఎవరికీ లాభం లేదు, అప్పటికే చేరినవాళ్ల శ్రమ కూడా వృథా.

చివరి_పేజీ: వెళ్లిపోతాడని తెలుసు కాబట్టే చెప్పలేదన్నమాట. నాన్న మందును నమ్మి చేరలేదు, మిమ్మల్ని నమ్మి చేరారు. మిమ్మల్ని అంటే ఆ డాక్టర్‌ని. ఆ నమ్మకం మీద బతికే ట్రయల్ అయితే, ఆ నమ్మకానికి సంబంధించిన సంగతి ఆయనకు దాచకూడదు కదా.

పాత_ఫైలు: వెళ్లిపోతారన్న భయం కూడా ఎక్కువేనేమో. క్యాన్సర్ ట్రయళ్లలో ఉన్న రోగుల్ని అడిగి చేసిన సర్వే 2006లో వచ్చింది. డాక్టర్లకు కంపెనీలతో ఉండే సంబంధాల గురించి 90 శాతానికి పైగా మంది పెద్దగా బెంగ పడలేదు.

గుండెలయ: బెంగే లేనప్పుడు చెప్పడం దేనికి?

చివరి_పేజీ: బెంగే లేనప్పుడు దాచడం దేనికి?

పీ_వాల్యూ: చెప్పడంలోనూ ఒక తిరకాసు ఉంది, అది ఎవరూ ఎత్తలేదు. 2005లో వచ్చిన ఒక ప్రయోగం. సీసాలో నాణేలు పోసి విలువ ఊహించమన్నారు. పక్కన ఒక సలహాదారు ఉంటాడు. అవతలివాడు ఎక్కువ ఊహిస్తే సలహాదారుకు లాభం. ఆ లాభం సంగతి ముందే బయటపెట్టినప్పుడు సలహాదారులు ఇంకా పెంచి చెప్పారు. చెప్పేశాం కదా, ఇక జాగ్రత్తపడటం వాళ్ల పని అన్న ధోరణి. విన్నవాళ్లు తగ్గించుకోవాల్సినంత తగ్గించుకోలేదు. అంటే డబ్బు తీసుకున్న డాక్టరే ‘తీసుకున్నాను’ అని చెప్పి, తనే సంతకం పెట్టించుకుంటే మేలు కంటే కీడు ఎక్కువ కావచ్చు.

పాత_ఫైలు: అందుకే సమ్మతి తీసుకునే పని వేరేవాళ్లకు ఇస్తారు. గుండెలయ గారిని పేషంట్లతో మాట్లాడొద్దన్నది శిక్ష వేయడానికి కాదు.

గుండెలయ: శిక్ష కాదట! ముక్కూ మొహం తెలియని కోఆర్డినేటర్ వచ్చి కాగితం చదివితే అది సమ్మతా? ఎక్కడ నొప్పి, ఎప్పటినుంచి నొప్పి అన్నీ తెలిసినవాణ్ణి నేను.

చివరి_పేజీ: తెలిసినవారు కాబట్టే మీరు అడిగితే కాదనలేం. నాన్న కాదనలేకపోయారు.

ఫార్మా_పిల్ల: డాక్టర్ ప్రమాదాలన్నీ వివరించి, డబ్బు సంగతీ, ఇష్టం లేకపోతే వెళ్లిపోవచ్చన్న సంగతీ ఇంకొకరు చెప్పి, సంతకం ఆ ఇంకొకరి దగ్గర పెట్టిస్తే? ఇది ఎక్కడైనా చేస్తున్నారా?

పాత_ఫైలు: కొన్ని చోట్ల దాదాపు అలాగే చేస్తారు. కమిటీకి ఓపిక ఉండాలి.

గుండెలయ: ఫార్మా_పిల్ల చెప్పినదానికి నాకు పెద్ద అభ్యంతరం లేదు. కానీ ఒకటి అడుగుతాను. గెల్సింగర్ కేసులో యూనివర్సిటీకే వాటా ఉందని మీరే అన్నారు. నా ఉపన్యాసం ఫీజు మీద అంత విచారణ చేసిన కమిటీ, తమ సంస్థకు ఏ కంపెనీలో ఎంత వాటా ఉందో పేషంటుకు చెబుతుందా? 2011 నిబంధనలో సంస్థల సొంత వాటాల ఊసు ఉందా?

పాత_ఫైలు: లేదు. అది పరిశోధకులకు మాత్రమే. సంస్థ ఆస్తుల సంగతి దాంట్లోకి రాదు. సంస్థకే వాటా ఉన్నప్పుడు బయటి కమిటీకి పంపమని నేను మా దగ్గర ఒకసారి నోట్ పెట్టాను. పైకి వెళ్లిన ఆ నోట్ తిరిగి రాలేదు.

పీ_వాల్యూ: ముడి డేటా బయట పెడితే ఈ గొడవ సగం తీరుతుందని మళ్లీ చెబుతున్నాను. ఒక్కరూ జవాబివ్వలేదు.

గుండెలయ: ముందు ఆ నోట్ సంగతి తేల్చమనండి. నా 5,000 గురించి తర్వాత మాట్లాడదాం.