రాత్రి 8 దాటితే సెక్టర్ పడకేస్తోంది, గ్రాఫ్‌లో మాత్రం సగం ఖాళీ. ఎక్కడ వెతకాలి?

గాలితీగ:

అందరికీ నమస్తే. ఇళ్లకి ఇంటర్నెట్ ఇచ్చే చిన్న వైర్‌లెస్ నెట్‌వర్క్, నాలుగు సెక్టర్లు, అంటే ఒక్కోటి ఒక్కో దిక్కుని చూసుకునే టవర్ రేడియోలు. అందులో ఒకదాని దగ్గర బండి ఆగిపోయింది. చూడగలిగినవన్నీ రాస్తున్నాను.

టవర్ 30 మీటర్లు. 90 డిగ్రీల సెక్టర్ యాంటెన్నా, 17 డీబీఐ (యాంటెన్నా బలం). రేడియో పవర్ 19 డీబీఎం. 5500 మెగాహెర్ట్జ్ దగ్గర 40 మెగాహెర్ట్జ్ వెడల్పు ఛానల్. 802.11ఎన్ తరం రేడియో, రెండు చెయిన్లు (ఒకేసారి నడిచే రెండు సిగ్నల్ దారులు), టీడీఎంఏ మోడ్ (ఒక్కొక్కరికీ వంతుల వారీగా సమయం ఇచ్చే పద్ధతి) ఆన్‌లోనే ఉంది. కస్టమర్లు 42 మంది, అందరి ఇళ్ల మీదా 16 డీబీఐ ప్యానెల్ రేడియోలే. అన్నిటికంటే దగ్గరి ఇల్లు 400 మీటర్లు. 36 మందికి సిగ్నల్ మైనస్ 48 నుంచి మైనస్ 67 మధ్య ఉంది (సున్నాకి దగ్గరైతే బలం ఎక్కువ). మిగిలిన ఆరుగురికి మైనస్ 76 నుంచి మైనస్ 81. వాళ్లంతా 3 కిలోమీటర్ల దగ్గర ఉన్నవాళ్లు.

పగలు మంచి సిగ్నల్ ఉన్న ఎవరింట్లో టెస్ట్ చేసినా 100 ఎంబీపీఎస్ పైనే. రాత్రి 8 నుంచి 11 దాకా అందరికీ పింగ్ 300–400 మిల్లీసెకన్లు, స్పీడ్ 3, 4. అదే సమయంలో సెక్టర్ పోర్టు గ్రాఫ్ 55 దాటడం లేదు. బ్యాక్‌హాల్ (టవర్‌కి ఇంటర్నెట్ తెచ్చే లింక్) 300 మోస్తుంది, అన్ని సెక్టర్లూ కలిపి రాత్రి 140, దాని మీద పింగ్ 3 మిల్లీసెకన్లు. కాబట్టి అది కాదు. టవర్ మీద నాయిస్ ఫ్లోర్ (వెనక ఎప్పుడూ ఉండే రొద) పగలు మైనస్ 92, రాత్రి మైనస్ 86. రాత్రి లింక్ రేట్లు (గాలిలో రేడియోలు మాట్లాడుకునే వేగం, ఎంబీపీఎస్‌లో) సిగ్నల్ బాగున్నవాళ్లకి 216–270, ఆ ఆరుగురికి 27–54.

నా ముందున్న దారులు మూడు: ఛానల్‌ని 20కి దించడం, సెక్టర్‌ని రెండుగా చీల్చడం, ప్యాకేజీల స్పీడ్ తగ్గించడం. ముందు ఏది చేయమంటారు?


డీబీలెక్క:

మూడూ వద్దు, ముందు ఆ ఆరుగురి సంగతి చూడండి.

పోర్టు గ్రాఫ్ బిట్లు లెక్కపెడుతుంది. సెక్టర్ అమ్మేది సమయం. లింక్ రేటులో సుమారు సగం అసలు డేటాగా చేతికొస్తుంది అనుకోండి. 270 రేటున్న కస్టమర్ 5 ఎంబీపీఎస్ వీడియో చూస్తే 135లో 5, అంటే సెక్టర్ సమయంలో 4 శాతం కూడా పోదు. అదే వీడియో 27 రేటున్న కస్టమర్ చూస్తే 13.5లో 5, అంటే 37 శాతం. ఆరుగురిలో ఇద్దరు వీడియో పెట్టారంటే ముప్పాతిక సమయం హరీ. మిగిలిన పావులో 135 చొప్పున 35 ఎంబీపీఎస్ వెళ్తుంది, ఆ ఇద్దరి పది కలిపితే 45. మీ గ్రాఫ్ 55 దగ్గర ఆగిపోవడంలో వింతేమీ లేదు, సెక్టర్ నిండిపోయింది. మూడో ఆయన కూడా వీడియో పెడితే అందరూ కూర్చోవాల్సిందే. మీ రేడియో పేజీలో ఎయిర్‌టైమ్ (గాలిలో వాడిన సమయం) శాతం చూపించే గ్రాఫ్ ఉంటే రాత్రి 9కి అది చూడండి, పోర్టు గ్రాఫ్ కాదు.

ఇక ఆ ఆరుగురికి సిగ్నల్ ఎంత రావాలో లెక్క వేద్దాం. 5500 దగ్గర 3 కిలోమీటర్లకి గాలిలో నష్టం 117 డీబీ. టవర్ వైపు 19కి 17 కలిపితే 36. ఇంటి ప్యానెల్ 16. 36 నుంచి 117 తీసేసి 16 కలిపితే మైనస్ 65. మీకు కనబడుతున్నది మైనస్ 79. మధ్యలో 14 డీబీని ఎవరో మింగేశారు. దొంగలు నలుగురే ఉంటారు.

మొదట టిల్ట్, అంటే సెక్టర్ యాంటెన్నాని కిందికి వంచిన కోణం. 30 మీటర్ల టవర్ నుంచి 8 మీటర్ల ఎత్తున్న ఇంటి రేడియోకి 3 కిలోమీటర్ల దగ్గర కోణం 0.4 డిగ్రీ మాత్రమే. 400 మీటర్ల ఇంటికి 3.1. సెక్టర్ నిలువు బీమ్ 8 డిగ్రీలు అనుకుంటే 1.5 డిగ్రీలు వంచితే ఇద్దరూ హాయిగా లోపలే ఉంటారు. చాలామంది బ్రాకెట్ మీది గీతలు చూసి సరిపెట్టుకుంటారు. కానీ కొన్ని సెక్టర్లకి లోపలే ఎలక్ట్రికల్ టిల్ట్ ఉంటుంది, అది డేటాషీట్‌లోనే కనబడుతుంది. రెండూ కలిపి చూడాలి.

రెండోది సెక్టర్ అంచు. 90 డిగ్రీలు అని పేరే గానీ ఆ అంచున 3 నుంచి 6 డీబీ పడిపోయి ఉంటుంది. ఆరుగురూ ఒకే అంచున ఉన్నారేమో మ్యాప్ మీద గీసి చూడండి.

మూడోది చెట్లు. 3 కిలోమీటర్ల లింక్‌కి సరిగ్గా మధ్యలో ఫ్రెనెల్ వ్యాసార్ధం (గీత చుట్టూ సిగ్నల్ పరుచుకునే చోటు) 6.4 మీటర్లు, అందులో 60 శాతం, అంటే గీతకి చుట్టూ 3.8 మీటర్లు ఖాళీగా ఉండాలి. టవర్ కనబడుతోంది కదా అంటే చాలదు. వానలో ఈ బ్యాండ్ సిగ్నల్ తగ్గేది వాన వల్ల కాదు, దాదాపు ఎప్పుడూ తడిసిన ఆకుల వల్లో, నీరు దిగిన కనెక్టర్ వల్లో.

నాలుగోది అలైన్‌మెంట్, అంటే ఇంటి రేడియో గురి. రెండు చెయిన్ల మధ్య తేడా 3, 4 డీబీ మించిందా అని ఒక్కో ఇంటికీ చూసి ఇక్కడ పెట్టండి.


నిచ్చెన60:

నేనైతే ఈ రాత్రే 20 మెగాహెర్ట్జ్‌కి దించేస్తాను. నాయిస్ పగటికీ రాత్రికీ 6 డీబీ పెరిగిందంటే పక్కన ఎవరో అదే ఛానల్ వాడుతున్నారు. 20కి వస్తే నాయిస్ 3 డీబీ తగ్గుతుంది, పైసా ఖర్చు లేదు, ఎవరూ నిచ్చెన ఎక్కక్కర్లేదు.


డీబీలెక్క:

లెక్క వేసి చూడండి, లాభం కంటే నష్టమే ఎక్కువ. 40లో ఆ ఆరుగురి రేటు 27. 20కి దించితే 3 డీబీ కలిసొచ్చి ఒక మెట్టు పైకెక్కుతారు, కానీ 20లో ఆ మెట్టు విలువ 26. అంటే ఉన్నచోటే ఉన్నారు. బాగున్న 36 మందికేమో 270 కాస్తా 130 అవుతుంది. రాత్రి సెక్టర్ ఇంకా తొందరగా నిండుతుంది.

పక్కవాళ్ల రొద మీ 40లో ఒక్క సగంలోనే ఉండి, రెండో సగం శుభ్రంగా ఉంటే అప్పుడు వేరే మాట. అది స్కాన్ చేయకుండా చెప్పలేం.


నిచ్చెన60:

సరే, ఒప్పుకుంటున్నాను. అయితే స్కాన్ రాత్రి 9 గంటలకే చేయాలి. మధ్యాహ్నం చేస్తే బ్యాండ్ అంతా ప్రశాంతంగా కనబడుతుంది, దాన్ని నమ్మి ఛానల్ మారిస్తే మళ్లీ రాత్రికి అదే గోల. సెక్టర్ రేడియోతోనే స్కాన్ చేస్తే 42 మందీ తెగిపోవచ్చు, స్కానింగ్‌కి వేరే రిసీవర్ ఉన్న మోడల్ అయితేనే ఇబ్బంది ఉండదు. అది లేకపోతే ఒక ఖాళీ ప్యానెల్ రేడియోని సెక్టర్ పక్కనే, అదే దిక్కుకి కట్టి దాంతో స్కాన్ చేయండి. టవర్ వినేదే అదీ వినాలి కాబట్టి ఎత్తూ దిక్కూ రెండూ ముఖ్యం, కింద గదిలో పెట్టి చేస్తే ఉపయోగం లేదు.

ఇంకో మాట. టవర్ మీద చూసిన నాయిస్ అప్‌లోడ్ కథ మాత్రమే చెబుతుంది. డౌన్‌లోడ్‌కి ఇంటి రేడియో దగ్గరి నాయిస్ చూడాలి, అది వేరేగా ఉంటుంది. ఆ ఆరు రేడియోల్లోకి లాగిన్ అయి విడివిడిగా రాసుకోండి.

ఛానల్ మార్చాల్సి వస్తే తెల్లవారుజామున మార్చండి. 5470–5725 మధ్య చాలా దేశాల్లో డీఎఫ్‌ఎస్ (రాడార్ ఉందేమో విని తప్పుకునే నిబంధన) తప్పదు: కొత్త ఛానల్ మీద రేడియో 60 సెకన్లు విన్నాకే మాట్లాడుతుంది. 5600–5650 వాతావరణ రాడార్ల చోటు, యూరప్ నిబంధనల్లో అక్కడ 10 నిమిషాలు వినాలి. రాడార్ దొరికిందా, ఆ ఛానల్‌కి 30 నిమిషాలు తాళం. దేశం సెట్టింగ్ మార్చి దీన్ని దాటేయమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు, వినకండి. నేరం సంగతి అటుంచితే, రాడార్ మీ రేడియోని ఎలాగూ చెవిటిదాన్ని చేస్తుంది.


క్యూ_తాత:

పైన చెప్పినవన్నీ చేయడానికి వారం పడుతుంది. ఈలోగా పింగ్‌ని ఈ రోజే దింపొచ్చు.

55 ఎంబీపీఎస్ వెళ్తూ 300 మిల్లీసెకన్ల ఆలస్యం ఉందంటే ఎక్కడో 2 మెగాబైట్ల డేటా వరుసలో నిలబడి ఉంది, నిండు ప్యాకెట్లయితే 1,370 దాకా. ఆ వరుస సెక్టర్ రేడియో లోపల ఉంది, అక్కడ మీ మాట చెల్లదు. వరుసని మీ రౌటర్‌లోకి లాక్కోవాలి. ఆ సెక్టర్ కస్టమర్లందరికీ కలిపి ఒక పేరెంట్ క్యూ (పైనుండే ఉమ్మడి వరుస) పెట్టి డౌన్‌లోడ్ 45 దగ్గర కట్టండి, లోపల ఒక్కొక్కరికీ ఎఫ్‌క్యూ-కోడెల్ గానీ కేక్ గానీ (వరుస పొడవు పెరగకుండా చూసే పద్ధతులు). మైక్రోటిక్ రౌటర్ అయితే దాని రౌటర్ ఓఎస్ 7లో రెండూ ఉన్నాయి. పేరెంట్ లేకుండా ఒక్కొక్కరికే లిమిట్ పెడితే ఈ సమస్యకి పనికిరాదు. ఒక్కొక్కరూ తమ లిమిట్ లోపలే ఉంటారు, మొత్తం మాత్రం పొంగుతుంది.

అక్కడే ఒక గొయ్యి ఉంది: ఫైర్‌వాల్‌లో ఫాస్ట్‌ట్రాక్ రూల్ ఉంటే ఆ కనెక్షన్లు సింపుల్ క్యూలని తాకకుండా పక్కనుంచి పోతాయి. క్యూ అంతా పెట్టాక కౌంటర్ 2, 3 ఎంబీపీఎస్ మాత్రమే చూపిస్తే కారణం అదే. ఆ రూల్ తీసేయండి, ఆ తర్వాత ప్రాసెసర్ లోడ్ మీద కన్నేయండి, పెరుగుతుంది.

బిట్లలో పెట్టిన లిమిట్ సమయాన్ని కాపాడదు కాబట్టి ఆ ఆరుగురికీ తాత్కాలికంగా తలా 4 ఎంబీపీఎస్ పెట్టాలి. వాళ్లకి ఫోన్ చేసి విషయం చెప్పి పెట్టండి, చెప్పకుండా పెడితే మీ ఫోనే మోగుతుంది. అప్‌లోడ్ లిమిట్ ఇంటి రేడియోలోనే పెట్టండి. రౌటర్ దగ్గర ఆపేసరికి ఆ ప్యాకెట్ గాలిలో ఖర్చు పెట్టాల్సిన సమయం పెట్టేసి ఉంటుంది.

ఇంటి రేడియోలు బ్రిడ్జ్ మోడ్‌లో (అన్నీ ఉన్నదున్నట్టు దాటించే మోడ్) ఉంటే రౌటర్ మోడ్‌కి మార్చండి, లేదా కనీసం క్లయింట్ ఐసొలేషన్ (కస్టమర్ల రేడియోలు ఒకదానితో ఒకటి మాట్లాడకుండా ఆపేది) ఆన్ చేయండి. బ్రాడ్‌కాస్ట్, మల్టీకాస్ట్ (ఒకేసారి చాలామందికి పంపే ప్యాకెట్లు) అన్నిటికంటే తక్కువ రేటుతో వెళ్తాయి, అదీ ఎయిర్‌టైమే. 


గాలితీగ:

క్యూ పెట్టాను. ఫాస్ట్‌ట్రాక్ ఉంది, మీరు చెప్పినట్టే మొదట కౌంటర్ కదల్లేదు. తీసేశాక నిన్న రాత్రి పింగ్ 30–40.

టిల్ట్: బ్రాకెట్ మీద 4 డిగ్రీలు, డేటాషీట్ ప్రకారం లోపల ఇంకో 2. మొత్తం 6! బ్రాకెట్‌ని సున్నాకి తెచ్చాను, లోపలి 2 ఎలాగూ ఉంది. ఆరుగురికీ 5, 6 డీబీ కలిసొచ్చింది, ఇప్పుడు మైనస్ 71 నుంచి మైనస్ 75. దగ్గరి ఇళ్లకి ఇబ్బందేమీ రాలేదు.

నలుగురికి చెయిన్ల తేడా 1, 2 డీబీ. ఇద్దరికి మాత్రం 9. ప్యానెల్‌కి బయట కనెక్టర్లు లేవు కదా, నీరు ఎలా దిగుతుంది? స్కాన్‌లో రొద మా 40 అంతా పరుచుకుని ఉంది. పైన 5660 దగ్గర 40 ఖాళీగా కనబడింది.


డీబీలెక్క:

6 డీబీ టిల్ట్ లెక్కకి సరిగ్గా సరిపోతోంది. బీమ్ మధ్య గీత నుంచి 5.6 డిగ్రీలు పక్కకి ఉంటే 8 డిగ్రీల బీమ్‌లో పోయేది అంతే. ఇంకా 8 డీబీ బాకీ ఉంది.

చెయిన్ తేడా 42 మందికీ ఉంటే తప్పు టవర్ మీది చిన్న కేబుళ్లలో అనేవాణ్ణి. ఇద్దరికే ఉంది కాబట్టి వాళ్ల ఇంటి మీదే. అదే పోల్ మీద, అదే చోట వేరే రేడియో బిగించి చూడండి. తేడా పోతే పాతదాని బోర్డులో ఒక చెయిన్ పోయినట్టు. కొత్తదానికీ 9 ఉంటే దారిలో చెట్టో, ఎదుటి రేకుల కప్పు ప్రతిఫలనమో ఒక పోలరైజేషన్‌ని (ఒక చెయిన్ వాడే తరంగ దిశని) తినేస్తోంది. అప్పుడు పోల్‌ని ఒక మీటరు పైకో పక్కకో జరిపితే చాలాసార్లు సరిపోతుంది.

మిగిలిన నలుగురికి 25 డీబీఐ డిష్ పెట్టండి. 9 డీబీ వస్తుంది, బీమ్ సన్నం కాబట్టి పక్క రొద కూడా తక్కువ వింటుంది. మీ దేశంలో మొత్తం వికిరణ పవర్‌కి పరిమితి ఎంతో చూసి, దాటేలా ఉంటే డిష్ రేడియో పవర్ ఆ మేరకు దించండి. డౌన్‌లోడ్ లాభం అప్పుడూ పూర్తిగా దక్కుతుంది, అప్‌లోడ్‌లో కొంత తగ్గుతుంది. కొత్త ఛానల్‌కి మారాక ఆ సంగతి అంత బాధించదు. కానీ 5660 మధ్యగా 40 అంటే కింది అంచు 5640, వాతావరణ రాడార్ ముక్కలో పడుతుంది. 5670 మధ్యగా పెడితే 5650 పైనే ఉంటారు.

డిష్ బిగించేవాళ్లకి ఒక మాట చెప్పి పంపండి. సిగ్నల్ పెరిగి మళ్లీ తగ్గడం మొదలవగానే ఆపేసి బోల్టు బిగించకూడదు, అది సైడ్ లోబ్ (అసలు బీమ్ పక్కనుండే చిన్న బీమ్) కావచ్చు. ఆ శిఖరాన్ని దాటించి ఎడమకి, కుడికి 20 డిగ్రీల దాకా తిప్పాలి. చిన్న శిఖరం, లోయ, పెద్ద శిఖరం, లోయ, చిన్న శిఖరం వరసగా కనబడాలి. మధ్యలోది దొరికాక ముందు అడ్డంగా బిగించి, తర్వాత నిలువుగా అదే పని. బోల్టు చివరి బిగింపులో డిష్ అర డిగ్రీ జరుగుతుంది, కాబట్టి బిగించాక రెండు చెయిన్ల అంకెలూ ఇంకోసారి చూసి, లెక్కలో వచ్చిన దానికి 3 డీబీ లోపల ఉంటేనే నిచ్చెన దిగమనండి.