బీమ్‌ఎన్‌జీ గేమ్‌లో నా ఏటీఆర్ విమానం లేవబోయేసరికి తోక నేలకి కొట్టేస్తోంది, ఎవరికైనా తెలుసాండీ?

నమస్కారమండి, మాది అమలాపురం దగ్గర. మధురపూడి ఎయిర్‌పోర్టులో ఏటీఆర్ 72 దిగడం చూసొచ్చాక దాన్నే బీమ్‌ఎన్‌జీ డ్రైవ్ అనే కార్ల గేమ్‌లో ఎగిరేలా మోడ్ (గేమ్‌కి మనం చేసి కలుపుకునేది) చెయ్యాలని నాలుగు నెలల్నుంచి కూర్చున్నానండి. రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకి 27 మీటర్లు, బరువు 23 టన్నులు, కొలతలన్నీ అసలు విమానానివే. నోడ్లు (బరువుండే చుక్కలు), బీములు (వాటిని కలిపే స్ప్రింగుల్లాంటి కడ్డీలు) బండి నిర్మాణం రాసే జేబీమ్ ఫైల్లో చేత్తోనే రాశా, రెక్కల ట్రయాంగిల్స్‌కి (నోడ్ల మధ్య గాలి తగిలే ముక్కలకి) లిఫ్ట్ కూడా ఇచ్చా, రన్‌వే మీద బానే పరిగెడుతుంది గానీ స్పీడ్ 200 దాటగానే వెనక బస్తాలెక్కువైన రిక్షా ముందు లేచిపోయినట్టు ముక్కు పైకెత్తేసి తోక నేలకి కొట్టేస్తోంది. బరువు ముందుకి జరిపితే అసలు లేవట్లేదు. ఇంకోటండి, రెక్కలు ఊగకూడదని బీమ్‌స్ప్రింగ్ (బీము గట్టిదనం) పెంచితే కొసన నోడ్లు మరీ తేలికో ఏమో, గాలివానలో కొబ్బరిమట్టలా టపటపా కొట్టుకుని మొత్తం పేలిపోతోంది.

ఫిజిక్స్ సెకనుకి 2000 సార్లు లెక్కేస్తుంది కదా, ఆ లెక్కన ఎంత బరువు నోడ్‌కి ఎంత స్ప్రింగ్ వరకు తట్టుకుంటుందండి? బరువు కేంద్రం రెక్క ముందంచు నుంచి నాలుగో వంతు దగ్గర పెడితే సరిపోద్దా, లేక తోక రెక్క కోణం కూడా మార్చాలా? విమానం మోడ్ చేసినోళ్ళెవరైనా ఉంటే కాస్త చెప్పండి, ఫైల్ అడిగితే పంపిస్తా.