మెట్లు దిగితే తొడలు, సిట్‌అప్స్ చేస్తే నడుము: ఏ కండరం ఏం చేస్తుంది?

కొత్తగా_జిమ్: ట్రైనర్ క్వాడ్స్, గ్లూట్స్, కోర్ అంటుంటే తల ఊపుతున్నాను గానీ ఏది ఎక్కడుందో నిజంగా తెలియట్లేదు. మెట్లు ఎక్కినప్పటికంటే ఎక్కువగా దిగిన మర్నాడే తొడ ముందు భాగం ఎందుకు పట్టేస్తోంది? సిట్‌అప్స్ చేస్తే పొట్టకంటే ముందు నడుము లాగుతోంది, ఇది మామూలేనా?

ఫిజియో_స్టూడెంట్: తొడ ముందున్నవి క్వాడ్రిసెప్స్, నాలుగు కండరాల గుంపు, మోకాలు చాపడం వీటి ప్రధాన పని. మెట్టు దిగేటప్పుడు పైన ఉన్న కాలి మోకాలు మెల్లగా వంగాలి కదా, ఒంటి బరువు దభీమని పడిపోకుండా క్వాడ్స్ బిగిసి ఉంటూనే సాగుతుంటాయి, అలా సాగుతూ పనిచేసిన కండరమే ఎక్కువ నొప్పెడుతుంది. ఆ నొప్పి సాధారణంగా 24 నుంచి 72 గంటల మధ్య ముదిరి తగ్గిపోతుంది, కంగారు పడక్కర్లేదు. తొడ వెనక హామ్‌స్ట్రింగ్స్ మోకాలు మడుస్తాయి. కుర్చీలోంచి లేవడానికి, మెట్టెక్కడానికి ఊతం గ్లూటియస్ మాక్సిమస్, అంటే పిరుదుల్లోని పెద్ద కండరం; పిరుదుల కండరాలనే గ్లూట్స్ అంటారు.

గ్లూట్స్‌లోనే అందరూ మర్చిపోయేది తుంటి పక్కనుండే గ్లూటియస్ మీడియస్. ఒంటికాలి మీద నిలబడి ఆ వైపు తుంటి పక్కన, ఎముక అంచుకి కాస్త కింద వేళ్లు ఆనించి చూడండి, గట్టిపడటం తెలుస్తుంది. అది బలహీనమైతే రెండో వైపు తుంటి కిందికి జారుతుంది, నడకే మారిపోతుంది.

పరుగు_పిచ్చి: పిక్కల్ని వదిలేశారు! మోకాలు చాపి మడమలెత్తితే పిక్కలో పైనుండే గ్యాస్ట్రోక్నీమియస్‌కి బాగా పని పడుతుంది, కూర్చుని ఎత్తితే దాని కిందున్న సోలియస్‌కి. రెండూ చేయాలి.

ఫిజియో_స్టూడెంట్: అవును, అది ముఖ్యం. ఇక సిట్‌అప్స్ సంగతి. నడుము వెన్నుపూసల నుంచి తొడ ఎముక దాకా సోయాస్ అనే కండరం ఉంటుంది, పాదాలు ఎవరైనా నొక్కి పట్టుకుంటే లేపే పని చాలావరకు అదీ, తుంటి దగ్గర ఒంటిని మడిచే దాని జత కండరాలూ లాక్కుంటాయి, నడుము లాగడానికి అదొక కారణం కావచ్చు. అసలు కోర్ అంటే సిక్స్‌ప్యాక్ ఒక్కటే కాదు. లోపల బెల్టులా చుట్టుకున్న ట్రాన్స్‌వర్సస్ అబ్డామినిస్, పక్కన ఆబ్లిక్స్, వెన్ను వెంట మల్టిఫిడస్, పైన ఊపిరి తీసుకునే కండరం డయాఫ్రమ్, అడుగున కటి భాగాన్ని మోసే పెల్విక్ ఫ్లోర్ కండరాలు, ఇవన్నీ కలిసి కాళ్లూ చేతులూ కదిలేటప్పుడు నడుముని నిలకడగా ఉంచుతాయి. కొన్నాళ్లు సిట్‌అప్స్ ఆపి ప్లాంక్ (మోచేతులు, కాలివేళ్ల మీద ఒంటిని నిటారుగా నిలపడం), డెడ్‌బగ్ (వెల్లకిలా పడుకుని కాళ్లూ చేతులూ పైకెత్తి, ఎదురెదురు చెయ్యి, కాలు మెల్లగా చాపడం) చేయండి. నొప్పి కాల్లోకి పాకినా, తిమ్మిరెక్కినా మాత్రం వ్యాయామం ఆపి డాక్టర్‌కి చూపించండి.

కొత్తగా_జిమ్: తిమ్మిరేం లేదండీ, థాంక్స్. డెడ్‌బగ్‌లో నడుము నేలకి ఆనే ఉండాలా?

ఫిజియో_స్టూడెంట్: ఆనే ఉండాలి. కాలు చాపుతుంటే నడుము పైకి లేస్తోందంటే కాలు మరీ కిందికి దించుతున్నారని, అక్కడే ఆపి వెనక్కి తెచ్చేయండి. ఊపిరి బిగబట్టకండి.